ఆరెకరాల చిల్లచెట్లు: తోసేయాలా, బొగ్గు కాల్చాలా?

చైన్‌సా ఇప్పుడే కొనకండి. డ్రమ్ములు కూడా వద్దు. ముందు ఆ పొలం మీకు ఎందుకు కావాలో తేల్చుకోండి. ఏ పనిముట్టు కొనాలి, చెట్టును ఎంత ఎత్తులో కొట్టాలి, ఏ బట్టీ కాల్చాలి అన్నవన్నీ దాని మీదే ఆధారపడతాయి.

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇది. కొండపి వైపు మీ నాన్నగారి పేరు మీద ఆరెకరాల మెట్ట ఉంది. సేద్యం ఆగి చాలా ఏళ్లయింది, చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) కమ్మేశాయి. జేసీబీ అతను గంటకింత అని తోసేస్తానంటున్నాడు. ఒక బొగ్గుల మేస్త్రీ వచ్చి "చెట్లు మాకు వదిలేయండి, పొలం మేమే శుభ్రం చేసిస్తాం, మీరు పైసా పెట్టక్కర్లేదు" అన్నాడు. మీరేమో వీడియోల్లో డ్రమ్ము బట్టీలు చూసి, శని ఆదివారాలు హైదరాబాద్ నుంచి వచ్చి సొంతంగా బొగ్గు చేద్దామనుకుంటున్నారు. దానికి ఏ మెషిన్లు కొనాలన్నది మీ ప్రశ్న.

మేస్త్రీ మాట సంగతి ముందు చూద్దాం, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. ఈ చెట్టు ప్రాణమంతా నేలకు కొద్దిగా కింద, వేరు మొదలయ్యే మెడ దగ్గర ఉంటుంది. పైన ఎంత కొట్టినా ఆ మెడ మీది మొగ్గలు లేచి పిలకలేస్తాయి. మేస్త్రీ మనుషులు గొడ్డలితో మోకాలి ఎత్తున కొట్టుకుని బొగ్గు పట్టుకుపోతే, పొలం రెండు నెలలు శుభ్రంగా కనపడుతుంది. వానలు పడ్డాక ఒక్కో మొద్దుకు పది పదిహేను పిలకలు లేస్తాయి. అప్పటిదాకా ఒంటి మానుగా ఉన్న చెట్టు గుబురు పొదయి కూర్చుంటుంది, లోపలికి మేక కూడా పోలేదు. కాబట్టి "శుభ్రం చేయడం" అంటే వేరుతో సహా తీయడమా, పైన కొట్టుకుపోవడమా అని అతన్ని సూటిగా అడగండి. వేరుతో సహా అంటే చాలామంది మేస్త్రీలు వెనక్కి తగ్గుతారు.

ఇది మన చెట్టు కాదు, అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1877లో విత్తనం తెప్పించి నాటిన చోటు మన కడప జిల్లా కమలాపురమే. వంటచెరకు కోసం తెచ్చారు, ఆ పని మాత్రం బాగానే చేసిపెట్టింది. రాయలసీమలో కంపచెట్టు, తెలంగాణలో సర్కారు తుమ్మ అని దీన్ని తిట్టనివాళ్లు లేరు, దీని కర్ర పొయ్యిలో పెట్టనివాళ్లూ లేరు. కర్ర గట్టిది, బరువైనది, నిలకడగా మండుతుంది. అందుకే బొగ్గుకు ఇంత పేరు.

మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, చెట్లు తీసేసి మళ్లీ సేద్యంలోకి వెళ్లడం. రెండు, చెట్లను ఉంచుకుని నాలుగైదేళ్లకోసారి కొట్టుకునే కర్ర తోటగా నడపడం. మీ ఆరెకరాలూ ఒకే తీరు నేల కాకపోవచ్చు. బోరుకు దగ్గరగా, మన్ను లోతున్న భాగాన్ని సేద్యానికి తీసుకుని, చవుడో రాయో ఉన్న భాగాన్ని కర్రకు వదలడం నా లెక్కలో తెలివైన పని. కొట్టే పద్ధతి మాత్రం ఈ రెండు భాగాల్లో పూర్తిగా వేరు.

సేద్యానికి తీసే చోట మోకాలి ఎత్తు మొద్దు వదిలి కొట్టండి. అలా వదిలితేనే జేసీబీ బకెట్టుకు పట్టు దొరికి, మెడతో సహా వేరు పెకలించుకొస్తుంది. నేలమట్టంగా కొట్టేస్తే వాడికి పట్టుకోవడానికేమీ ఉండదు. జేసీబీని నేల పదును మీదున్నప్పుడే పిలవండి. ఎండిపోయి గట్టిపడిన నేలలో తోస్తే వేరు మెడ దగ్గరే పుటుక్కున తెగుతుంది, మళ్లీ పిలకలే. మీ వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో కాబట్టి, అవి తగ్గి బండి దిగగలిగేంత ఆరిన రోజుల్లో పిలిస్తే గంటలు కలిసొస్తాయి. కర్ర మాత్రం ముందే కొట్టి బయటకు లాగేయాలి. చెట్టు చెట్టుగా తోయిస్తే మన్నూ రాళ్లూ కంపా కలిసిపోయి, చివరికి అగ్గి పెట్టడం తప్ప దారుండదు.

కర్రకు వదిలే చోట దీనికి పూర్తిగా తిరగేసి పని. నేల మీద జానెడు ఎత్తు మించకుండా, వాలుగా, నున్నగా కొట్టాలి. బెరడు చీలకూడదు. ఆ ఏడు వచ్చిన పిలకల్లో బలమైన రెండు మూడు ఉంచి తక్కినవి తీసేయాలి. ఇది చేయకపోతే అన్నీ వేలెడు లావున ఆగిపోతాయి. వేలెడు లావు కర్రతో అమ్ముడుపోయే బొగ్గు రాదు.

ఇక డబ్బు లెక్క. ఎవరి మాటా నమ్మకుండా మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. పొలంలో మధ్యరకంగా ఉన్న చోట ఒక సెంటు, అంటే ఆరున్నర మీటర్లకు ఆరుంపావు మీటర్ల ముక్క తాడుతో గుర్తు పెట్టండి. అందులో మణికట్టు లావుకు పైనున్న కర్రంతా కొట్టించి, పచ్చిగా ఉన్నప్పుడే తూకం వేయించండి. దాన్ని వందతో హెచ్చిస్తే ఎకరం లెక్క వస్తుంది. ఒకటే సెంటు చూస్తే మోసపోతారు, పలచగా ఉన్న చోట ఒకటి, చిక్కగా ఉన్న చోట ఒకటి కూడా చూడండి.

ఆ తర్వాత లెక్క ఇలా పోతుంది. పచ్చి కర్రలో దగ్గర దగ్గర సగం నీళ్లే. 45 శాతం నీరున్న వెయ్యి కిలోల పచ్చి కర్ర బాగా ఆరి 15 శాతం తేమకు వచ్చేసరికి 650 కిలోలవుతుంది. దాన్ని జాగ్రత్తగా కాలిస్తే అయిదో వంతు నుంచి నాలుగో వంతు, అంటే 130 నుంచి 160 కిలోల బొగ్గు దిగుతుంది. మామూలు మట్టి బట్టీలో, చూసే మనిషి సరిగా లేకపోతే వంద కిలోలు దిగడం కూడా కష్టమే. అంటే పచ్చి కర్ర కిలో ఎంతకు పోతుందో, బొగ్గు కిలో దానికి ఆరేడు రెట్లు పలికినా మీకు మిగిలేది దాదాపు సున్నా. కూలి, గోతాలు, నిద్ర మేలుకోవడం అన్నీ ఆ పైన.

అందుకే బొగ్గు గురించి ఆలోచించే ముందు పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే గదులు) వాళ్లను అడగండి. మీ చుట్టుపక్కల బ్యారన్లలో ఆకు కాల్చే కాలంలో కర్రకు గిరాకీ ఎలా ఉంటుందో మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. ఎండిన కర్రను పొలం గట్టు మీదే తూకం వేసి తీసుకెళ్లే మనిషి ఉన్నప్పుడు దాన్ని కాల్చి బొగ్గు చేయడానికి బలమైన కారణం ఉండాలి. ఉండే కారణాలు రెండు. బ్యారన్ కాలం అయిపోయాక కర్ర మిగిలిపోవడం ఒకటి. ఈ కర్రను ఏడాదికి మించి నిలవ పెడితే పుచ్చు పట్టి పిండి రాలుతుంది, బొగ్గుకు ఆ బెడద లేదు. దూరంలో మంచి ధరకు కొనే హోటల్ దొరకడం రెండోది. బరువు అయిదో వంతుకు తగ్గుతుంది కాబట్టి దూరం మోయాల్సి వస్తే బొగ్గే నయం. ఇస్త్రీ బండ్లవాళ్లు, తందూరీ హోటళ్లు, కమ్మరి కొలుములు, వీళ్లలో ఎవరు కొంటారో నలుగురిని కలిసి ధర కాగితం మీద రాసుకున్నాకే బట్టీ మాట ఎత్తండి.

అనుమతుల గురించి మీరు అడగలేదు, కానీ బండి ఆపేది అక్కడే. పట్టా పొలంలో మనం పెంచని చెట్టు, పైగా అందరూ పీకేయమనే చెట్టు, దీనికి పర్మిషన్ ఏమిటి అనుకుంటారు. అటవీ చట్టాల్లో బొగ్గు ప్రత్యేకం. అడవిలోంచి వచ్చినా రాకపోయినా బొగ్గు అటవీ ఉత్పత్తే అని 1927 నాటి భారత అటవీ చట్టం నిర్వచనంలోనే ఉంది. మన దగ్గర చెట్లు కొట్టడానికి 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కూడా వర్తిస్తుంది. ఏ జాతికి మినహాయింపు, కర్రకు ఒక నియమమా, బొగ్గుకు వేరే నియమమా అన్నవి ఉత్తర్వులతో మారుతుంటాయి. కాబట్టి పాసుపుస్తకం, 1బీ, అడంగల్ తీసుకుని మీ అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లి, కొట్టడానికి, బట్టీ పెట్టడానికి, రవాణాకు ఏమేం కావాలో మూడూ విడివిడిగా అడగండి. కాగితం చేతిలో ఉంటే చెక్‌పోస్టు దగ్గర టెన్షన్ ఉండదు. పొలం పక్కన చెరువు శిఖమో వాగు పోరంబోకో ఉంటే ఆ చెట్ల జోలికి అస్సలు పోకండి. కూలివాళ్లకు హద్దు మీరే నడిచి చూపించండి, సున్నం గుర్తు కొట్టండి.

ఇక పనిముట్లు. మీ చెట్లు చాలావరకు తొడ లావు లోపే ఉంటాయి. ఇద్దరు అలవాటున్న మనుషులు గొడ్డలి, మచ్చుకత్తి, పంగలకర్రతో చేసే పని చూస్తే మెషిన్ మోజు సగం తగ్గుతుంది. ఈ చెట్టు కొట్టడంలో అసలు కష్టం మాను నరకడం కాదు, మాను దగ్గరికి చేరడం. ముందు కింది కొమ్మలు కత్తితో కొట్టి, పంగలకర్రతో కంపను పక్కకు నెట్టి దారి చేసుకోవాలి. ఆ పనికి చైన్‌సా వాడితే కొమ్మలు ఎగిరి ముఖం మీదకొస్తాయి. బ్రష్ కట్టర్‌కు మూడు పళ్ల బ్లేడు వేసి బొటనవేలు లావు కంప వరకు కొట్టొచ్చు, అంతకు మించి లావైతే బ్లేడు వెనక్కి తన్నుతుంది.

చైన్‌సా కావాలనే అనుకుంటే కొట్టిన మానును ముక్కలు చేయడానికి వాడండి, అక్కడ నిజంగా పని కలిసొస్తుంది. 45 నుంచి 55 సీసీ ఇంజను, 16 లేదా 18 అంగుళాల బార్ (గొలుసు తిరిగే పట్టీ) చాలు. పెద్ద బార్ కొంటే బరువు తప్ప లాభం లేదు. బ్యాటరీతో నడిచే చిన్న రంపాలు చేతి లావు కొమ్మల వరకు పనికొస్తాయి, ఈ గట్టి కర్ర మానుల మీద పెడితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. కంపెనీ ఏదన్నది నన్ను అడగకండి. ఒంగోలులో ఎవరి చైన్లు, బార్లు, ప్లగ్గులు అదే రోజు దొరుకుతాయో ఆ కంపెనీది కొనండి. ఆన్‌లైన్‌లో సగం ధరకొచ్చే పేరులేని రంపాలకు స్పేర్ పార్టులు దొరకవు.

గొలుసు గురించి రెండు మాటలు. ఈ చెట్టు బెరడు పగుళ్లలో ఇసుక, దుమ్ము పేరుకుని ఉంటాయి, అందుకే గొలుసు తొందరగా మొండివారుతుంది. రంపం రేకుల్లా తెగే పొట్టు కాకుండా మెత్తటి పొడి పోస్తోందంటే పదును పోయినట్టే. బలంగా అదమకండి, ఆపి ఆకురాయి పెట్టండి. గొలుసు పిచ్‌ను (లింకుల మధ్య దూరం, అంగుళాల్లో) బట్టి గుండ్రటి ఆకురాయి సైజు మారుతుంది: .325కు 4.8 మిల్లీమీటర్లది, పెద్ద 3/8కు 5.2ది, చిన్న రంపాల 3/8 లో ప్రొఫైల్‌కు 4 మిల్లీమీటర్లది. ట్యాంకు పెట్రోలు అయిపోయిన ప్రతిసారీ నాలుగు రుద్దులు రుద్దడం అలవాటు చేసుకుంటే గొలుసు చాలాకాలం వస్తుంది. బార్ ఆయిల్ బదులు బండిలోంచి తీసిన పాత ఇంజనాయిల్ పోసేవాళ్లను చూస్తుంటాను. అది పల్చగా ఉండి గొలుసు మీద నిలవదు, అందులోని లోహపు పొడి పంపును తినేస్తుంది.

వంగి బిగుసుకుపోయిన మాను ఈ తోటల్లో అడుగడుక్కీ ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పడి పెరుగుతాయి కాబట్టి. దాన్ని సాగిన వైపు నుంచి ఒక్కసారిగా కోస్తే చీలి, విల్లులా ఎగిరి కొడుతుంది. ముందు నొక్కుకుపోయిన లోపలి వైపు కొద్దిగా కోసి, తర్వాత సాగిన వైపు నుంచి నెమ్మదిగా కోయాలి. మీరు వంపు లోపలా నిలబడకూడదు, అది ఎగిరే దారిలోనూ ఉండకూడదు. బార్ ముక్కు పైభాగం దేనికీ తగలనివ్వకండి, రంపం ముఖం మీదికి ఎగిరేది అక్కడి నుంచే.

ముల్లు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. స్పోర్ట్స్ షూ అడుగును దూరి పాదంలోకి దిగుతుంది, ట్రాక్టర్ ముందు టైర్లనే పంక్చర్ చేస్తుంది. మొన విరిగి లోపల ఉండిపోతే వాచి చీము పడుతుంది, కీలు దగ్గర గుచ్చుకుంటే డాక్టరు దగ్గరికే వెళ్లాలి. తోలు చేతి తొడుగులు, మందపాటి అడుగున్న బూట్లు, కంటికి మూసి ఉండే అద్దాలు, ఈ మూడూ రంపం కంటే ముందు కొనండి. మీకే కాదు, కూలికి వచ్చిన ప్రతి మనిషికీ.

కర్ర చేతికొచ్చాక బొగ్గు ఎంత దిగుతుందో తేల్చేది ఆరబెట్టడం. పచ్చి కర్ర బట్టీలో పెడితే అందులోని నీళ్లు ఆవిరి చేయడానికి లోపలి కర్రే మండిపోవాలి. మీరు అమ్ముకోవాల్సిన బొగ్గుతో నీళ్లు కాచుకున్నట్టే. జనవరిలో కొట్టి, రెండు నుంచి మూడడుగుల ముక్కలు చేసి, జానెడు కంటే లావున్నవి చీల్చి, కింద రెండు దుంగలు అడ్డం వేసి వాటి మీద గాలి ఆడేలా పేర్చండి. మన ఎండలకు చీల్చిన ముక్క ఆరు వారాల్లో దారికొస్తుంది. ఆరిందో లేదో తెలియాలంటే నాలుగు ముక్కలకు రంగు గుర్తు పెట్టి వారం వారం తూకం వేయండి. రెండు వారాలు వరసగా బరువు తగ్గకపోతే ఆరినట్టు. కొసల్లో నెర్రెలు పడటం, బెరడు వదులవడం, రెండు ముక్కలు కొడితే ఖంగుమనడం అనుభవం ఉన్నవాళ్ల గుర్తులు. మొదటి ఏడు మాత్రం తూకాన్నే నమ్మండి.

బట్టీ లోపల జరిగేది తెలిస్తే తక్కిన తప్పులు చాలా తగ్గుతాయి. మొదట నీరు పోతుంది. అప్పుడు పొగ తెల్లగా, దట్టంగా, తడిగా ఉంటుంది. వేడి 270 డిగ్రీలు దాటాక కర్ర తనంతట తానే విరిగిపోవడం మొదలై, లోపలి నుంచే వేడి పుడుతుంది. పొగ పసుపు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది, ఘాటెక్కి కళ్లు మండుతాయి. అదీ అయిపోయాక పొగ పల్చబడి నీలం రంగులోకి వస్తుంది. నీలం పొగ కూడా సన్నబడి, గొట్టం పైన వేడి గాలి ఊగడం తప్ప ఏమీ కనపడని దశకు రాబోతుండగా మూసేయాలి. ఆలస్యమైతే ఇక కాలేది బొగ్గే, మిగిలేది బూడిద. తొందరపడితే నడుమ గోధుమ రంగు కర్ర మిగిలిపోతుంది, హోటలువాడు పొగ వస్తోందని గోతం వెనక్కి పంపిస్తాడు. 300 డిగ్రీల దగ్గర ఆపిన బొగ్గులో అసలు కార్బన్ 70 శాతం కూడా ఉండదు, 500 దాకా పోతే 85 దాటుతుంది. బరువు మాత్రం ఆ మేరకు తగ్గుతుంది. ఇస్త్రీ పెట్టెకు, తందూరుకు పొగ లేనిదే కావాలి కాబట్టి బరువు ఆశకు పోయి ముందే మూయకండి.

శని ఆదివారాల సంగతి ఇక్కడ చెప్పాలి. మట్టి బట్టీ సెలవులు చూసుకుని కాలదు. చిన్నదైనా కొన్ని రోజులు, పెద్దదైతే రెండు మూడు వారాలు రాత్రీ పగలూ మనిషి ఉండాలి. పై మట్టి ఎండి నెర్రె పడితే, కుంగి బొక్క పడితే వెంటనే తడిమట్టి వేయాలి. తెల్లారేదాకా చూడకపోతే సగం బట్టీ బూడిదే. కాబట్టి వారాంతాలకు మీకు డ్రమ్మే సరి. రెండు వందల లీటర్ల డ్రమ్ములో 50, 60 కిలోల ఎండు కర్ర పడుతుంది, 10 నుంచి 14 కిలోల బొగ్గు దిగుతుంది. ఆ లెక్కన ఆరెకరాల కర్ర డ్రమ్ముల్లో కాల్చి డబ్బు సంపాదించడం జరగని పని. కానీ పొగ రంగులు చదవడం, గాలి మూయడం తక్కువ ఖర్చుతో నేర్పేది అదే.

డ్రమ్ము ఎంచుకునేటప్పుడు పురుగుమందు, కెమికల్ డ్రమ్ములు ఎంత చవకైనా వద్దు. పెట్రోలు, థిన్నర్ లాంటివి పోసిన మూసి ఉన్న డ్రమ్మును గ్యాస్ కట్టర్‌తో కోయిస్తే లోపలి ఆవిరి పేలుతుంది. పైమూత ఉన్న డ్రమ్ము దొరికితే కోత బాధే ఉండదు. అడుగున నాలుగైదు రంధ్రాలు పెట్టి, మూడు ఇటుకల మీద నిలబెట్టి, చితుకులతో అంటించి, మంట పట్టుకున్నాక కొద్దికొద్దిగా కర్ర నింపుతూ పోవాలి. నిండి, తెల్ల పొగ తగ్గేటప్పుడు మూత కొంచెం ఓరగా పెట్టి, అడుగు చుట్టూ మట్టి ఎగదోసి ఒక్క సందు వదలండి. నీలం పొగ సన్నబడగానే ఆ సందూ మూతా తడిమట్టితో మెత్తండి. డ్రమ్ము ఒంటి మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా, అంటే మర్నాటిదాకా తెరవకూడదు.

మీ కర్ర ఎక్కువగా ఉండి, కొనేవాళ్లు ఖాయమై, ఊళ్లో నమ్మకమైన మనిషి ఉంటే మట్టి బట్టీకే వెళ్లండి, కానీ ఒక మార్పుతో. సెనెగల్ దేశంలో కాసామాన్స్ బట్టీ అని వాడతారు. మన మట్టి బట్టీ లాంటిదే, పాత డ్రమ్ములు అతికించిన పొగగొట్టం ఒకటి పక్కన పెడతారు. కుప్ప కింద దుంగలతో గాలి దారులు వదిలి, గొట్టం అడుగు నుంచి పొగను లాగేలా చేస్తారు. వేడి వాయువులు పైనుంచి పోకుండా కుప్పంతా తిరిగి కిందకొచ్చి గొట్టంలోకి వెళ్తాయి, కాలడం సమంగా ఉంటుంది, ఒకే చోట పొగ రంగు చూసుకునే వీలుంటుంది. కుప్ప పేర్చడంలో లావు కర్ర నడుమ, సన్నది అంచులకు. సందులన్నీ చిన్న ముక్కలతో బిగించాలి. పైన పచ్చి ఆకు లేదా వరిగడ్డి జానెడు మందాన పరిచి ఆ పైన మట్టి. ఇసుక నేలైతే మట్టి జారిపోతుంది, నల్లరేగడైతే ఎండి నెర్రెలు విచ్చుతుంది. ఎర్రమట్టీ ఇసుకా కలిసినది తెప్పించుకోండి. ఒకసారి కాలిన బట్టీ మట్టి రెండోసారికి ఇంకా బాగుంటుంది, పారేయకండి.

బట్టీ పైకెక్కి తొక్కి సరిచేయడం అందరూ చేస్తారు, మీరు చేయనివ్వకండి. కింద కర్ర కాలి కుంగి ఉంటుంది, పై పెంకు విరిగితే మనిషి నడుము దాకా నిప్పుల్లో దిగుతాడు. పక్కన నిచ్చెన అడ్డంగా వేసి దాని మీద నుంచే మట్టి వేయించండి. పొగలో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. కాబట్టి కావలి మనిషి పడుకునే పాక గాలి వచ్చే వైపు, దూరంగా ఉండాలి. చుట్టూ పది మీటర్ల మేర గడ్డి చెక్కించి, నీళ్ల ట్యాంకర్ పెట్టుకోండి. ఏప్రిల్ వడగాడ్పులు మొదలయ్యాక కొత్త బట్టీ అంటించకపోవడం మంచిది.

ఇనుప రింగుల బట్టీ కూడా ఉంది. లండన్‌లోని ట్రాపికల్ ప్రొడక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ డిజైన్ కాబట్టి టీపీఐ అంటారు. రెండున్నర మీటర్ల లోపు వెడల్పు రింగులు రెండు, పైన మూత, అడుగున గాలి దారులు ఎనిమిది, పొగగొట్టాలు నాలుగు. ఇద్దరు మనుషులు దొర్లించుకుంటూ కర్ర ఉన్న చోటికే తీసుకుపోవచ్చు. రెండు మూడు రోజుల్లో ఒక వాయి అయిపోయి, కర్రను బట్టి నాలుగైదు వందల కిలోలు దిగుతుంది. మంచి వస్తువే, ఎవరైనా వెల్డింగ్ షాపువాడు చేసిస్తాడు. కానీ మీకున్న కర్ర అయిపోయాక ఆ ఇనుము ఏం చేసుకుంటారు? కర్ర తోట పెట్టుకుని ఏటా ఒక భాగం కొట్టే ఆలోచన ఉంటేనే దాని మీద డబ్బు పెట్టండి.

సన్న కంపకు వేరే దారి. దాన్ని గుట్టగా పోసి తగలబెట్టే బదులు, అయిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతున గంగాళం ఆకారంలో గుంట తీసి పైనుంచి అంటించండి. పై వరస మీద బూడిద తెల్లగా కనపడగానే ఇంకో వరస కంప వేయండి. మంట ఎప్పుడూ పైనే ఉంటుంది, గాలి కిందికి చేరదు, కాబట్టి కింద బొగ్గు నిలుస్తుంది. గుంట నిండాక నీళ్లు పోసి పూర్తిగా ఆర్పాలి. ఇది నలిగిన చిన్న ముక్కల బొగ్గు, హోటళ్లకు, ఇస్త్రీకి అమ్మడానికి పనికిరాదు. పశువుల ఎరువుతో కలిపి మాగబెట్టి పొలంలో వేసుకోవచ్చు. కానీ దీనికి సున్నపు గుణం ఉంటుంది, మీ చవుడు భాగంలో మాత్రం చల్లకండి.

బట్టీ విప్పేటప్పుడు నీళ్లు పోసి చల్లార్చడం మన దగ్గర మామూలు. తడిసిన బొగ్గు పగిలి పొడి ఎక్కువవుతుంది, కొనేవాడు తడి పేరుతో తూకంలో కోసేస్తాడు. గాలి బిగించి దానంతట అదే చల్లారనివ్వండి, నీళ్లు నిప్పు రాజుకున్న చోటికి మాత్రమే. తీసిన బొగ్గును ఒక రోజు ఆరుబయట పల్చగా పరిచి ఉంచి, ఆ తర్వాతే గోతాలకెత్తాలి. కొత్త బొగ్గు గాలిని పీల్చుకుని దానంతట అదే వేడెక్కుతుంది. బట్టీ విప్పిన సాయంత్రమే లారీకెత్తితే దారిలో అంటుకుంటుంది. జల్లెడ పట్టి పొడి వేరు చేయండి. అగరుబత్తి, బ్రికెట్ (అచ్చు బొగ్గు) తయారుచేసేవాళ్లు ఆ పొడి అడుగుతారు.

మనుషుల విషయం ఒకటి మిగిలింది. ఈ పనికి కుటుంబాలను అడ్వాన్సు ఇచ్చి తెచ్చి, అప్పు తీరేదాకా కదలనివ్వని మేస్త్రీలు ఉన్నారు. 1976 చట్టం ప్రకారం అది వెట్టిచాకిరీ, నేరం. పొలం మీది కాబట్టి మీరూ చిక్కుకుంటారు. మేస్త్రీకి గుత్తకిచ్చినా సరే, ఎవరికి ఎంత ముట్టిందో మీ ముందే లెక్క చూసి, కొట్టిన టన్నుకు ఇంత అని చేతికి ఇప్పించండి.

ఇక సేద్యానికి తీసిన భాగంలో మొదటి వానకే వేలాది మొక్కలు లేస్తాయి, కంగారు పడకండి. కాయలు తిన్న పశువుల పేడలో విత్తనం చెక్కుచెదరకుండా బయటకొస్తుంది, మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. జానెడు లోపు ఉన్నప్పుడు పదునులో చేత్తో లాగితే వేరుతో వచ్చేస్తుంది, ముదిరితే మళ్లీ గునపమే. మూడు నాలుగేళ్లు ఏటా రెండుసార్లు ఆ కూలి ఖర్చు జేసీబీ ఖర్చుతో పాటు ఇప్పుడే లెక్కలో వేసుకోండి. కాయలు రాలే కాలంలో పక్క బీడులో మేసొచ్చిన మందలను ఆ చేలో కట్టనివ్వకండి. సెంటు తూకం వేయించాక ఆ అంకెలు, మీ వైపు బ్యారన్ కర్ర ధర రాస్తే, బట్టీ పెట్టొచ్చో లేదో కలిసి లెక్క చూద్దాం.